బాబా ఇచ్చిన రివాల్వర్

ఖైతాన్
10 జనవరి 2025, శుక్రవారం

జమీలక్కకు తమ్ముడు షావలి సలాం చెప్పి రాసేది.

నేను బాగుండా. నీ మోకాలు ఎట్లుంది? మీ మామా, ఆ ఇంటి అరబ్బీ ముసలామె, ఫోన్ తిరిగిచ్చిందా, ఇంకా బీరువాలోనే పెట్టి తాళం వేసుకుందా? వంటింట్లో ఒక్కతూరి వీడియో కాల్ చేసినావని మూడు నెలలు ఫోన్ పెరుక్కునే మనిషిని నేను యాడా చూడలేదు. పోనీలే, ఆమె పుణ్యాన మల్లా జాబులు రాసుకుంటాండాము. అరగంట దూరంలో ఉండి జాబులు రాసుకునే అక్కాతమ్ముళ్లు ఈ కువైట్ మొత్తానికి మనమే ఉంటాము. ఇది లాండ్రీ వ్యాను వసీమ్ చేతికిస్తాండా. వాడు మా బిల్డింగులోనే ఉండేది, మంగళవారం శుక్రవారం మీ ఇంటి బట్టలకు వస్తాడు కదా. వానికి తెలుగు అచ్చరాలు రావు, అది మంచిదే అయింది. ఎందుకంటే చదివినాక నువ్వు దీన్ని చింపెయ్యాల.

అక్కా, నాకు రివాల్వర్ వచ్చింది.

అరవాకు. ముందు అంతా చదువు.

హార్స్‌లీ కొండ మీద బంగళా గ్యాపకం ఉందా? పరుపుల్లో దూది ఏకేదానికి పోతా నాయన నన్ను గూడా తీసకపోయినాడు. నాకు ఎనిమిదేండ్లు. ఆ ఇంటి దొర వరండాలో కూచోని చిన్న రివాల్వర్ నూనెగుడ్డతో తుడుస్తా ఉండె. నేను నోరు తెరుచుకోని చూస్తాంటే పిలిచి చేతిలో పెట్టినాడు. నల్ల ఉక్కు, కట్టె పిడి, తూటా చూస్తే చిటికెన వేల్లో సగం లేదు. సుత్తి దాని నడిమధ్యలో కొట్టదంట, అంచు మీద కొడ్తాదంట, అందుకే అది అంత సన్నంగా పలుకుతాదని దొర చెప్పినాడు. ఆ మాటకు అర్థం తెలీకున్నా నేను మర్చిపోలేదు. ముప్పై ఆరేండ్లు మర్చిపోలేదు.

మా బాబా, నేను కారు తోలే ఇంటి పెద్దాయన, ఆయన దగ్గర అచ్చం అట్లాంటిదే ఉంది. పద్నాలుగేండ్లుగా చలికాలం వచ్చిందంటే ఆయన్ను ఎడారి గుడారానికి తోలకపోయేది నేనే, ఆయన టీ డబ్బాలు వరసగా పెట్టి కొడ్తాంటే పక్కన నిలబడేది నేనే, తర్వాత దాన్ని తుడిచి నూనె పెట్టేది నేనే. ఈ ఏడు ఆయన చెయ్యి వణుకుతాంది. నిన్న నాలుగు తూర్లు కొట్టి ఒక్క డబ్బా గూడా పడలేదు. దాన్ని తలగుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టినాడు. "నా కొడుకులకు దీని మీద దుమ్ము తుడిచే తీరిక లేదు. నువ్వు తుడిచినావు. తీసుకో" అన్న్యాడు. నేను ఏడ్చినా అక్కా, చెప్పుకునేదానికి సిగ్గేం లేదు.

రూములో రాగిపిండి డబ్బాలో దాచినా. ఊర్లో నీ మరదలు ఫర్హానాకు చెప్పాకు. ఆడోళ్లు భయపడతారు.

నీ తమ్ముడు
షావలి


17 జనవరి, శుక్రవారం

షావలీ,

ఆడోళ్లు భయపడతారంట! నీ బుద్ధి తగలబడ. నాలుగు తూర్లు చదివి, చింపి, నీళ్లలో వేసి, ఆ నీళ్లు గూడా చెట్లకు పోసి వచ్చి కూచున్నా. పొద్దున గోధుమల హరీస్‌లో ఉప్పు రెండుతూర్లు వేసి ముసలామెతో తిట్లు తిన్నా.

నిజం చెప్పు. ఇచ్చినాడా, ఎత్తుకొచ్చినావా? ఇచ్చేటప్పుడు ఎవురన్నా చూసినారా? రేపు ఆ కొడుకులు అడిగితే ఆ ముసలాయన "నేనియ్యలేదు" అన్న్యాడనుకో, నువ్వేం చెప్తావు? డ్రైవరు మాట ఎవురు నమ్ముతారు? దానికి లైసెన్సు ఉందా? ఉన్నా నీ పేరు మీద ఉందా? పద్నాలుగేండ్లు ఈ దేశంలో ఉండి నీకు ఇదేనా తెలిసింది?

నీకు ఇన్నాళ్లు చెప్పని మాట ఒకటుంది. అమ్మ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఆమె పోయి ఆరేండ్లాయ, ఇంకేం ఒట్టు.

నువ్వు ఆ కొండ మించి దిగొచ్చిన మర్నాడు ఇద్దరు పోలీసులు మనింటికి వచ్చినారు. నువ్వు బడికి పోయింటివి. దొర రివాల్వర్ కనపడలేదంట. నాయన్ను తీసకపోయినారు. మూడు దినాలు. నీకేమో వాయల్పాడులో పని తగిలిందని చెప్పినాము. "నీ కొడుకు తీసినాడా" అని అడిగితే "వాడు నా పక్క నుంచి కదల్లేదయ్యా" అన్న్యాడంట, ఎంత కొట్టినా అదే మాట. మూడో దినం అది దొర ఇంట్లోనే దొరికింది, వదిలేసినారు. నాయన కుడి భుజం అప్పట్నించే పైకి లేయలేదు. చింతచెట్టు మించి పడినానని నీకు చెప్పినాడు. దూది కొట్టే విల్లు పట్టలేకనే ఏకుడు పని మానేసినాడు, వయసు మళ్లి కాదు.

వాళ్లది వాళ్లకిచ్చెయ్. దండం పెడతా.

జమీల


21 జనవరి, మంగళవారం

అక్కా,

నువ్వు రాసింది చదివి రెండు దినాలు అన్నం పోలేదు. నా రూములో ఉండే మునాఫ్ నన్ను చూసి "ఊర్లో ఎవురన్నా పోయినారా" అని అడిగినాడు. అవునని చెప్పినా.

ఎత్తుకొచ్చినావా అని అడిగినావు చూడు, ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నీకు రాసేదే వద్దనుకున్నా. తర్వాత ఆలోచిస్తే నువ్వు అడగడం న్యాయమే. ఎందుకంటే ఆ పొద్దు దొర లోపలికి పోయినప్పుడు దాన్ని తీసి పరుపు కింద దోపింది నేనే. దొంగతనానికి కాదు అక్కా. నాయన ఎనకాల మల్లా వచ్చినప్పుడు ఇంకొక్కతూరి చూద్దామని. ఎనిమిదేండ్ల బుర్రకు అంతే తోచింది. మల్లా నాయన నన్ను తీసకపోలేదు, నేను అలిగినా. భుజం మాట నాకు తెలీదు. అల్లా సాక్షిగా తెలీదు.

నాయనకు తెలుసునా?

తిరిగి ఇద్దామంటే బాబా ఆసుపత్రిలో ఉన్న్యాడు. శనివారం ఊపిరాడకుంటే తీసకపోయినాము. గాజు కిటికీలోంచి చూడాల్సిందే. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. కొడుకుల చేతికిస్తే "నీ దగ్గరికి ఎట్లొచ్చింది" అంటారు, చెప్పేదానికి ఆయన నోరు పడిపోయింది.

ఇంకొకటి విను. నిన్న మా సందు రెండు పక్కలా పోలీసుబండ్లు అడ్డం పెట్టి చెకింగ్ చేసినారు. ఇఖామా కార్డులు చూసి, కొన్ని రూములు గూడా చూసినారంట. మా మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయినారు. నేను తలుపు వెనక నిలబడి వాళ్ల బూట్ల చప్పుడు లెక్కబెట్టుకుంటాన్నా. వాళ్లు అట్ల పోయినారో లేదో ఈ మునాఫ్ సంగటి చేస్తానని రాగిపిండి డబ్బా కిందికి దించినాడు! పురుగు పట్టిందని అబద్ధం చెప్పి చేతిలోంచి పెరుక్కున్నా. ఇప్పుడు వానికి నా మీద అనుమానం, పిండి ఒక్కన్నే తింటాండానని.

షావలి


24 జనవరి, శుక్రవారం

తమ్ముడూ,

నువ్వు రాసింది చదివినా. నిన్ను తిడదామంటే ఎనిమిదేండ్ల పిల్లోడే కండ్ల ముందుకొస్తాండాడు. వానిమీద చెయ్యి లేయదు. నాయనకు తెలిసే ఉంటాదిరా. తెలీకుంటే అంతగా పట్టుబట్టేటోడు కాదు.

ఇప్పుడు నేను చెప్పినట్లు చెయ్యి. మహబూలా దగ్గర సముద్రం ఉంది కదా. పగటిపూట జనాలతో కలిసి పో, గుడ్డలో చుట్టి రాళ్ల సందున నీళ్లలోకి వదిలిపెట్టు, చేతులు కడుక్కోని రా. ఆశ తీరింది, పద్నాలుగేండ్లు తుడిచినావు, సాలు.

మంచిమాట ఒకటి చెప్తా. పక్కింట్లో పనిచేసే సిద్ధమ్మ ఉంది కదా, మన రాయచోటి పక్కామె, వచ్చే నెల ఏడో తేదీ ఊరికి పోతాంది. ఖలాస్, ఇంక రాదు. పదకొండేండ్లకు మనవడి మొకం చూడబోతాంది. ఎవురు పోతాన్నా మనోళ్ల సంగతి తెలిసిందే, ఆమె అట్టపెట్టె నిండా అందరి సామాన్లే. సబ్బులు, పాలపొడి, దుప్పట్లు. ఆమె బట్టలకే చోటు లేదు, అయినా ఒక్కరికి గూడా కాదనదు. లోపల ఏముందని గూడా అడగదు. నువ్వు గూడా ఇంటికి పంపేదేమన్నా ఉంటే వసీమ్‌కియ్యి, పెట్టిస్తా.

సముద్రం సంగతి మర్చిపోవాకు.

జమీల


ఖైతాన్
4 ఫిబ్రవరి, మంగళవారం

అక్కా,

బాబా పోయినాడు. ఆదివారం పొద్దున. మట్టి చేసి వచ్చినాము. ఆయన చెప్పులు ఇంకా కారు వెనకసీటు కింద అట్లే ఉండాయి, తియ్యబుద్ధి కాలేదు.

నిన్న పెద్దకొడుకు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసినాడు. "నాయన ముసద్దస్ యాడుంది షావలీ?" అని రివాల్వర్ గురించి అడిగినాడు. చిన్నగా, కోపం లేకుండా అడిగినాడు, అదే నాకు ఎక్కువ భయమేసింది. "మా అరఫ్" అన్నా. తెలీదని చెప్పినా. ఆయన నా మొకంలోకి చూసి "బాగా ఆలోచించుకోని చెప్పు" అన్న్యాడు. ఇంక నిజం చెప్పేదానికి దారి లేదు. ఒకతూరి తెలీదన్నోడు మల్లా తెలుసు అంటే దొంగే కదా.

నువ్వు చెప్పినట్ల పోయిన శుక్రవారం మహబూలాకు పోయినా. ఇసుకలో పిల్లోళ్లు ఆడుకుంటాండారు, దూరంగా పోలీసుబండి ఒకటి. జోబులో చెయ్యి పెట్టుకోని రెండు గంటలు తిరిగినా. అక్కా, పోలీసుబండి ఒక సాకు. చెయ్యి దాన్ని వదల్లేదు, అదీ నిజం.

రూములో పెట్టుకునే ధైర్యం లేదు. కువైటీ ఇండ్లల్లో ఎవురూ సోదా చెయ్యరు. అందుకని నాలుగు దినాలు కూచోని దూది గట్టిగా కూరి ఒక దిండు కుట్టినా. అది దాని నడుమ ఉంది. తూటాలు లేవు, అవి చెత్తకుండీలో పడేసినా. ఈ దిండు వసీమ్‌తో పంపిస్తాండా, నీ మంచం కింద లోపలికి తోసి పెట్టు. దాని మీద పండుకోవాకు. ఎవురికీ ఇయ్యాకు. నలభై దినాలు గడిచి వాళ్లు మర్చిపోయినాక నేనే తీసకపోతా.

నీ మీద వేస్తాండానని తెలుసు. నాకు నువ్వు తప్ప ఎవురున్న్యారు?

షావలి


5 ఫిబ్రవరి, బుధవారం

నా బంగారు తమ్ముడూ,

నిన్న వసీమ్ ఇస్త్రీ బట్టలతో పాటు నీ దిండు తెచ్చిచ్చినాడు. జాబేమన్నా ఇచ్చినాడా అంటే తల గోక్కున్న్యాడు. నువ్వు సముద్రానికి పోయొచ్చినావు, మనసు తేలికై దిండు కుట్టి పంపినావు, రాసేదేముందిలే అనుకున్నా. ఆ కుట్టు చూస్తే ఏడుపొచ్చిందిరా. మూలల్లో రెండుతూర్లు తిప్పి ముడి లోపలికి పోయేటట్లు కుట్టేది నాయన ఒక్కడే. నీ చేతికి అది ఎప్పుడొచ్చింది?

ఎంత గట్టిగా కూరినావయ్యా, రాయి మాదిరి ఉంది! నీ పెండ్లాం దీని మీద పండుకుంటే మెడ పట్టేస్తాది. నిన్న సాయంత్రమే సిద్ధమ్మకిచ్చినా. గాజు గ్లాసుల మీద అదిమేదానికి సరిపోయిందని సంతోషపడింది. పెట్టె మూసి, తాడు కట్టి, పేరూ ఊరూ మార్కర్‌తో రాయించుకున్న్యాము. ఫర్హానా ఇంట్లో తనే పోయి ఇస్తాదంట. శుక్రవారం మధ్యాన్నం విమానం.

మూడు వారాల తర్వాత రాత్రి నిద్రపోయినా. నువ్వు గూడా నిద్రపో. రేపు మా ఇంటికి చుట్టాలొస్తాండారు, వసీమ్‌ను బట్టలకు పిలిపించినారు, ఇది వానికిస్తా.

అక్క


7 ఫిబ్రవరి, శుక్రవారం, పొద్దున తొమ్మిది

అక్కా దిండు వెనక్కి తీసుకో. అది దిండులోనే ఉంది. సముద్రంలో వెయ్యలేదు.

మంగళవారం దిండుతో పాటు జాబు గూడా ఇచ్చినా. వసీమ్ దాన్ని చొక్కా జోబులో పెట్టుకోని ఆ చొక్కా ఉతుకుడుకేసినాడు. ఊరోళ్ల జోబులన్నీ వెతికేటోడు తన జోబు చూసుకోలేదు. తడిసిన జాబు వాడే ఎండబెట్టి ఉంచినాడు, దీంతోనే పంపిస్తాండా, చదువు. నీ జాబు నాకు ఇప్పుడే అందింది, చదివి చెప్పులు గూడా సరిగ్గా వేసుకోకుండా వానితో వచ్చినా. మీ సందు మొగదల వ్యాన్లో కూచోనుండా. నేను వాకిట్లోకొస్తే మీ మామా నిన్ను ఏం చేస్తాదో తెలుసు కాబట్టి రాలేదు.

పక్కింటికి పో. పెట్టె విప్పించు. ఏం చెప్తావో చెప్పు, దిండులో సూది ఉందని చెప్పు. దిండు బట్టల మూటలో పెట్టి వసీమ్‌కియ్యి.

తొందరగా.


అదే దినం

పోయినాదిరా. ఎనిమిదింటికే వాళ్ల డ్రైవరు ఎయిర్‌పోర్టుకు తీసకపోయినాడు. పెట్టె పెద్దది కదా, ముందుగా పోతే మంచిదని. పోతా పోతా గోడ మించి చెయ్యి ఊపింది, నేను గూడా ఊపినా.

ఆమె దగ్గర ఫోన్ లేదు, నిన్ననే సిమ్ము వాపసు ఇచ్చేసింది. ఒంటిగంటకు విమానం. మిషన్లో చూస్తే ఆమెనే పట్టుకుంటారు. ఆమె ఏం చెప్తాది? జమీల ఇచ్చింది అంటాది. అంటే అననీ, నేను వస్తా. కానీ అంతకుముందే ఆమె గుండె ఆగిపోతాది షావలీ, ఆమె సంగతి నాకు తెలుసు. నా చేతులతో ఇచ్చినా. నా మాట నమ్మి మోసుకుపోయింది.

నువ్వు పోతే నిన్ను పట్టుకుంటారు. పోకుంటే ఆమెను. పొమ్మని రాసేదానికి నాకు చెయ్యి రావడం లేదు. వద్దని రాస్తే నాకు మల్లా అన్నం దిగదు.

మామా పిలుస్తాంది. కిటికీలోంచి చూస్తే వ్యాను కొన కనపడతాంది. నువ్వు కనపడలేదు.


23 ఫిబ్రవరి, ఆదివారం

అక్కా,

వసీమ్ నన్ను లాకప్పులో చూసిపోయేదానికి వస్తే, అడిగి కాయితమూ పెన్నూ ఇప్పించుకున్నా. వానిమీద కోపం పెట్టుకోవాకు, పాపం మూడుతూర్లు వచ్చి బయట కూచోని పోయినాడు.

ముందు సిద్ధమ్మ సంగతి. ఆమె ఊరు చేరింది. ఆ దినం విమానం తప్పిపోయింది కానీ మర్నాడు ఎక్కించినారు. నువ్వు ఇంక దాని గురించి ఏడవాకు.

నేను ఎయిర్‌పోర్టుకు పోయేతలికి పెట్టె మిషన్లోకి పోతాంది. పిలిచినా, వినపడలేదు. మిషన్ ఆగింది. ఒకడు చెయ్యెత్తినాడు, ఇంకొకడు వచ్చినాడు, నలుగురైనారు. సిద్ధమ్మ ఇంకా నవ్వుతానే ఉంది, పాస్‌పోర్టు చూపిస్తాంది. ఒక పోలీసామె చెయ్యి పట్టుకునేతలికి నవ్వు ఆగిపోయింది. "జమీలా... జమీలా..." అనింది, అంతే, మాట పడిపోయింది. నేను అప్పుడు గేటు దగ్గర నిలబడుండా. నీకు అబద్ధం చెప్పను. వెనక్కి తిరిగి పోదామని నాలుగడుగులు వేసినా. బయట ఎండ కనపడతాంది. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. మల్లా ఎట్ల తిరిగినానో నాకే తెలీదు. "దిండు నాది, నేను కుట్టినా" అని అరిచినా. వాళ్లు నమ్మలేదు. ఆమెను కాపాడేదానికి చెప్తాండానని అనుకున్న్యారు. మూల విప్పకముందే లోపల ముడి ఎట్లుంటాదో, దారం ఏ రంగుదో, రివాల్వర్ మూతి ఏ పక్కకుందో చెప్పినా. విప్పి చూసి అప్పుడు ఆమె చెయ్యి వదిలినారు.

ఇంకొక సంగతి. నాలుగో దినం బాబా పెద్దకొడుకు వచ్చినాడు. ఆసుపత్రికి పోయే ముందే బాబా ఆయనకు చెప్పినాడంట, షావలికి ఇచ్చినా, అడగొద్దు, కాయితం లేకుండా వానికి ఇబ్బంది అవుతాదేమో చూడు అని. అందుకే ఆ పొద్దు తలుపు వేసి అడిగినాడు. నేను ఉందని చెప్పింటే తనే పోలీసులకు అప్పజెప్పి నా పేరు రాకుండా చూసేటోడంట. "తెలీదన్నావు. అమ్మేసుకున్నావేమో, నీ మీద వేసేదెందుకని ఊరికున్నా" అన్న్యాడు. ఆయన గూడా ఏడ్చినాడు అక్కా. దొంగతనం కేసు లేదు. దాచిపెట్టింది, ఎయిర్‌పోర్టు దాకా పోయింది, అవి మాత్రం ఉండాయి. ఎన్నేండ్లు పడతాదో ఎవురూ చెప్పడం లేదు. ఫర్హానాకు నువ్వే చెప్పాల. మెల్లగా చెప్పు. నా కూతురు సమీరాకు పరీక్షలైనాక చెప్పమను.

నిన్న రాతకోతల గదికి పిలిచినారు. బల్ల మీద రివాల్వర్ ఉంది, పిడికి చీటీ కట్టుండాది. మన భాష తెలిసినాయన ఒకరు అరబ్బీ కాయితం చదివి నాకు చెప్పినాడు. రకం, ఇరవై రెండు బోరు. తూటాలు, లేవు. దొరికిన చోటు, దిండు. తర్వాత యజమాని అని ఒక గడి ఉందంట, దాంట్లో ఏం రాసినారని అడిగినా. "షావలి, రాయచోటి" అన్న్యాడు. ఇంకొకతూరి చదవమంటే విసుక్కోకుండా చదివినాడు. పోలీసు పెన్ను చేతికిచ్చినాడు, దాని కింద సంతకం పెట్టినా.

షావలి